నాలుగో చోట చుక్కలు

కిందటి నెల ఓ మంగళవారం పొద్దున్నే లాయరు అపర్ణ మా ఇంటికి వచ్చింది. నేను కోర్టులో చెప్పబోయే సంగతులన్నీ టైపు చేయించి తెచ్చింది. "ఒకసారి చదువుకోండి మేడమ్, పై వారమే మీ సాక్ష్యం" అంది. కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. నా పేరు, నా వయసు, బరంపురంలోనే పుట్టి పెరిగాననీ, ముప్పయ్యేళ్లు బళ్లో తెలుగు పాఠాలు చెప్పాననీ, ఏవో నాలుగు పుస్తకాలు రాశాననీ అన్నీ ఒప్పుగానే ఉన్నాయి. మూడో పేజీలో మా మామ్మ పాట ఉంది. ఆరు వరసల పాట. ఆ ఆరు వరసల్లో నాలుగు చోట్ల, మాట ఉండాల్సిన చోట, చుక్కలున్నాయి. "ఇవేంటమ్మా?" అని అడిగాను. "మీరిచ్చిన నోటుబుక్కులో ఎలా ఉంటే అలాగే కొట్టించాను మేడమ్. పాత కోర్టు ముద్ర ఉన్న పుస్తకం కదా, దాన్ని మనం మార్చకూడదు. అయినా చుక్కలుంటేనే నయం, జడ్జి గారి ముందు కాస్త డీసెంటుగా ఉంటుంది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితాలు బల్ల మీద పడేసి, "డీసెంటుగా ఉండడానికైతే నేను కోర్టుకి రావడం ఎందుకు? ఇంట్లో కూర్చుని వత్తులు చేసుకుంటాను" అన్నాను. పాపం, ఆ అమ్మాయి కాఫీ గ్లాసు కింద పెట్టి బిత్తరపోయి చూసింది. తన తప్పేం లేదు. ఆ చుక్కలు పెట్టిన చెయ్యి నాదే. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

ముందు ఈ కేసేమిటో చెప్పాలి. లిపి అని గోపాల్‌పూర్ రోడ్డులో ఉండే ఒరియా పిల్ల. ఇరవయ్యారేళ్లుంటాయి. కెమెరా భుజాన వేసుకుని రెండేళ్లు గంజాం జిల్లా అంతా తిరిగింది. రంభలో చేపలమ్మే ఆడవాళ్లు, అస్కా దగ్గర చెరుకు పొలాల్లో పనిచేసే ఆడవాళ్లు, మా నేతవీధి తెలుగు ముసలమ్మలు, వీళ్లందరి దగ్గరా పెళ్లిళ్లలో మగపెళ్లివారిని ఆటపట్టిస్తూ పాడే పాటలు పోగుచేసి ఒక చిన్న సినిమా తీసింది. అందులో మా మామ్మ పాట నేను పాడాను. ఊళ్లో ఒక హాల్లో ఒక సాయంత్రం వేసి చూపించింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. తర్వాత ఎవడో నేను పాడిన అరనిమిషం ముక్క మాత్రం ఫోన్లో కోసి ఊరంతా తిప్పాడు. పది రోజులు తిరక్కుండా లిపి మీద అశ్లీల చిత్రం తీసిందని కేసు. ఆ పిల్ల కంప్యూటరూ, డబ్బాలో దాచుకున్న డిస్కులూ అన్నీ పోలీసులు పట్టుకుపోయారు. నేరం రుజువైతే జైలు, ఆ సినిమా ఇంక ఎవరూ చూడడానికి ఉండదు. పాడిన నన్ను మాత్రం వదిలేశారు. ముసలావిడ కదా అని జాలట. అదీ నాకు కోపమే. భువనేశ్వర్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "ఈ వయసులో నీకెందుకమ్మా కోర్టులూ గొడవలూ, పేపర్లో పేరు పడుతుంది" అన్నాడు. పడనీ నాయనా, పడాల్సినప్పుడు పడాల్సిన మాట కాగితం మీద పడలేదు కాబట్టే ఇప్పుడు ఈ తిప్పలు అన్నాను.

ఆ నోటుబుక్కుని అప్పట్లోనే కోర్టువారు తిరిగి ఇచ్చేశారు, ఇన్నాళ్లూ మా నాన్న ఇనప్పెట్టెలో ఉంది. గోధుమరంగు అట్ట, లోపల నా గుండ్రటి చేతిరాత, మొదటి పేజీలో కోర్టువారి ఊదారంగు ముద్ర. తెరవగానే ఏదో వాసన వచ్చింది. అది కాగితం వాసన కాదు, మా వీధి వాసన. పచ్చి పట్టు నూలుని సోడా నీళ్లలో ఉడకబెడితే వచ్చే వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకుని పోయేవారు, మాకు మాత్రం ఆ వాసన రాకపోతే వీధిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. మా ఇంట్లో ముందుగదిలో మగ్గం గుంట, దాని పక్కన గోడకి మేకు, ఆ మేకుకి మా నాన్న నల్లకోటు వేలాడేది. వీధి మొత్తానికి మొదటి ప్లీడరు ఆయన. నాన్న చిన్నతనంలోనే తాతయ్య పోతే మామ్మ పరాయిళ్లకి కండెలు చుట్టి, అంటే నేతకి కావాల్సిన దారం గొట్టాల మీదికి ఎక్కించి, ఆయన్ని చదివించింది. నాన్న ప్లీడరయ్యాక కూడా ఆవిడ రాట్నం వదల్లేదు. "నీ కోటు నీది, నా కండె నాది" అనేది.

మామ్మని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అడ్డచుట్ట. నిప్పు నోటి లోపల, చుట్ట మొదలు బయట. ఆ చుట్టతోనే రాట్నం తిప్పేది, ఆ చుట్టతోనే చద్దన్నం గిన్నెలు తోమేది, గోపాల్‌పూర్ నుంచి బస్సులో వచ్చే చేపలమ్మితో ఒరియాలో బేరమాడేటప్పుడు కూడా తీసేది కాదు. ఎండుచేపలు కాల్చి, పచ్చిమిరపకాయ నలిపి, నీళ్లన్నంలో నంజుకుంటే పొద్దున్నకి అదే మా అందరి భోజనం. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి గోడకి ఆనించి పెట్టిందంటే ఒక్కటే కారణం, పాట మొదలు పెట్టబోతోంది. అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేది. పక్కింటివాళ్ల మగ్గం చప్పుడు కాస్త మెల్లబడేది. మామ్మకి చదువు రాదు, సంతకం రాదు, కానీ నోరు తెరిస్తే ఎవరి వంశం గుట్టయినా పాటలో వచ్చి పడాల్సిందే.

మా తెలుగిళ్లలో పెళ్లంటే మామ్మని పిలవాల్సిందే. మగపెళ్లివారు పంక్తిలో కూర్చుని, లడ్డూ కొరకబోయే వేళకి ఆవిడ అందుకునేది. పెళ్లికొడుకునీ, వాడి తండ్రినీ, తల్లినీ వరసపెట్టి కడిగేసేది. వాళ్లు సిగ్గుపడాలి, నవ్వాలి, మింగలేక కక్కలేక ఉక్కిరిబిక్కిరి కావాలి. చివరికి ఇంక చాలు తల్లీ అని వియ్యంకుడు లేచి ఒక చీర తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాలి. దాన్ని నోటి చీర అనేవాళ్లం. చీర పెట్టేదాకా పాట ఆగదు, చీర పెట్టాక ఒక్క మాట అదనంగా పాడదు. అదీ లెక్క. పట్టు పెట్టినవాడు పట్టు, నూలు పెట్టినవాడు నూలు, ఎవరి శక్తి వాళ్లది. మామ్మ జీవితంలో చీర కొనుక్కోలేదంటే నమ్మండి. ఏ చీర కట్టినా, "ఇది ఫలానా వాడి నోరు మూయించిన సీర" అని చెప్పి నవ్వేది. నోరు మూసుకున్నది వాడు కాదు కదా మామ్మా, నువ్వు కదా అంటే, "పోవే గుంటా, ఈ సీరతో ఆడి పరువు కప్పుకున్నాడు" అనేది.

మా వీధిలో రంగులద్దేవాళ్ల అబ్బాయి జగ్గారావు మద్రాసు వెళ్లి కొన్నాళ్లు కెమెరా పని నేర్చుకుని వచ్చాడు. వచ్చి, ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టినంత పనిచేసి, మా వీధిలోనే ఒక నలుపు తెలుపు సినిమా తీశాడు. నేతగాళ్ల కథ. అందులో ఒక పెళ్లి, ఆ పెళ్లిలో మామ్మ పాట. మా వీధి ఆడవాళ్లే పాడారు, మామ్మ పక్కన కూర్చుని నేర్పింది. తెర మీద తను కనబడనంది, సిగ్గుతో కాదు, "చుట్ట తీయమంటున్నాడు, నాను తీను" అని. సెన్సారువాళ్లు చూసి పాస్ చేసిన బొమ్మే అది. ఊళ్లో పొద్దుటి ఆటలు వేశారు. ఆడవాళ్ల క్లాసు నిండిపోయేది. మా అమ్మ నాలుగుసార్లు చూసింది. తెర మీద వాళ్ల పాటే వాళ్లకి వినబడేసరికి ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వేవారట. రెండో వారంలో రిటైరైన ఒక హెడ్మాష్టారు కేసు పెట్టాడు. పేరు రాయను, ఆయన మనవలు మంచివాళ్లు. ఈ పాట వింటే కుటుంబ స్త్రీలు చెడిపోతారని ఆయన ఫిర్యాదు. కుటుంబ స్త్రీలు పుట్టించిన పాట విని కుటుంబ స్త్రీలు చెడిపోతారట! ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు పళ్లు నూరాలనిపిస్తుంది. పోలీసులు వచ్చి రీలు డబ్బాలు రిక్షాలో వేసుకుపోయారు. ఉన్నది ఆ ఒక్క కాపీయే. కేసు ఓడిపోతే జగ్గారావుకి జైలు, ఆ డబ్బాలకి నిప్పు.

నాన్న ఒక్క రూపాయి తీసుకోకుండా ఆ కేసు పట్టాడు. ఆయన వాదం తేలికైనదే. ఈ పాట జగ్గారావు కల్పించింది కాదు, ఈ ఊళ్లో ప్రతి పెళ్లిలో అందరి ముందూ పాడేదే, పాడినావిడ నా తల్లి, ఆవిడే వచ్చి చెబుతుంది. దానికి రుజువుగా పాటని రాయించి కోర్టులో దాఖలు చెయ్యాలనుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ రాట్నం ముందు కూర్చుంది, నాన్న గడప మీద, నేను నోటుబుక్కుతో ఇద్దరి మధ్యా. చేతిరాత బాగుంటుందని నాకు అప్పజెప్పాడు. మామ్మ ఒక వరస పాడుతుంది, నేను రాస్తాను. రెండో జంటలో ఒక మాట వచ్చేసరికి నాన్న గొంతు తగ్గించి, "అక్కడ చుక్కలు పెట్టమ్మా" అన్నాడు. మామ్మకి వినబడలేదు, రాట్నం తిరుగుతోంది. ఇంకో రెండు చోట్ల కూడా అలాగే అన్నాడు. మొత్తం మూడు. అంత పెద్ద ప్లీడరు, మాట్లాడే హక్కు కోసం కోర్టుకెక్కుతున్నవాడు, సొంత తల్లి మాట కాగితం మీదికి రావడానికి భయపడ్డాడు. అందరూ చదువుతారు కదా, మన ఇంటి పేరు కదా అని. మనందరిలోనూ ఒక సెన్సారువాడు కూర్చుని ఉంటాడు, వాడికి జీతం కూడా ఇవ్వక్కర్లేదు.

నాన్న నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడు. మామ్మ, "మొదటి జంట మళ్లా సెప్తాను, సరిగా రాసినావో నేదో" అని మొదటి రెండు వరసలూ మళ్లీ పాడింది. అందులో ఒక మాట దగ్గర నేను ఖాళీ వదిలేసి ఉన్నాను. తర్వాత రాద్దామని కాదు, రాయలేక. ఆ మాట రొమ్ము. ఆ ఏడాదే మా అమ్మ నాకు ఓణీ వేసింది. నడిచేటప్పుడు వంగి నడుస్తున్నావేమిటే అని అందరూ కోప్పడుతున్న రోజులు. నా కలం ఆ మాట మీదికి వెళ్లలేదు. నాన్న చెప్పకుండానే, ఎవరూ అడక్కుండానే, ఆ ఖాళీలో చుక్కలు పెట్టేశాను. పెట్టాక ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. సిగ్గేస్తుంది ఆ హాయి తలుచుకుంటే.

కోర్టు రోజున మామ్మ పొద్దున్నే తలంటు పోసుకుని, పసుపురంగు పట్టుచీర కట్టుకుంది. అంచు మెరూన్. బరంపురం నేతే. వీధి వీధంతా మా వెనకాలే వచ్చింది. దస్తూరీ నాదేనని చెప్పాల్సి వస్తుందేమోనని నాన్న నన్ను కూడా తీసుకెళ్లాడు. గుమ్మం దగ్గర జవాను చుట్ట పారెయ్యమన్నాడు. మామ్మ ఆర్పి కొంగున ముడేసుకుంది. మేజిస్ట్రేటు ఒరియా ఆయన, నడివయసు, బరంపురంలో పెరిగినవాడే, తెలుగు మనలాగే మాట్లాడతాడు. అవతలి ప్లీడరు లావుపాటి మనిషి, తమలపాకు నములుతూనే ఉండేవాడు. వెనక బల్ల మీద హెడ్మాష్టారు తెల్లపంచెతో, నుదుట గంధంతో కూర్చున్నాడు. మామ్మ చేత దేవుడి మీద ప్రమాణం చేయించారు. తర్వాత గుమాస్తా నోటుబుక్కు తెరిచి పాట గట్టిగా చదివాడు. చుక్కలు వచ్చిన ప్రతి చోటా ఆగి "చుక్కలు" అని చదివాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇది నీ పాటేనా అమ్మా?" అని అడిగాడు నాన్న.

మామ్మ ఆయన వంక చూసింది. తర్వాత గుమాస్తా వంక చూసింది. "కాదు" అంది.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కేసంతా ఆ పుస్తకం మీదే నిలబడి ఉంది. "అదేటమ్మా, సరిగా విన్నావా?" అన్నాడు, కోర్టు తెలుగు మర్చిపోయి.

"విన్నాన్రా. నా పాటలో సుక్కలు నేవు. దేవుడి మీద ఒట్టేయించీసి అబద్ధం ఆడమంటే ఎలాగ ఆడతాను? నాలుగు సోట్ల నా మాట తీసీసినారు. ఎవుడు తీసినాడు?"

అవతలి ప్లీడరు కుర్చీలోంచి ఎగిరిపడినంత పని చేశాడు. "హుజూర్, చూడండి! కన్నకొడుకే, చదువుకున్న ప్లీడరే, ఆ మాటలు రాయడానికి సిగ్గుపడి చుక్కలు పెట్టాడు. ఇంతకన్నా అశ్లీలం అనడానికి రుజువు ఇంకేం కావాలి?" అన్నాడు. హాలంతా నవ్వు. జగ్గారావు నిందితుడి బోనులో తలకాయ పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు బల్ల మీద అరచేత్తో కొట్టి, "ఈ చుక్కలు ఎవరు పెట్టారు?" అని నాన్నని అడిగాడు. నాన్న పుస్తకం చేతిలోకి తీసుకుని చూశాడు. కింది వరస నుంచి పైకి లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో చోట ఆయన వేలు ఆగింది. తలెత్తి బల్ల చివర కూర్చున్న నా వంక చూశాడు. ఒక్క క్షణం. తర్వాత మేజిస్ట్రేటు వైపు తిరిగి, "నాలుగూ నేనే పెట్టాను హుజూర్. తప్పు నాది. మా అమ్మ పాటలో తప్పు లేదు. సిగ్గుపడాల్సిన మాట ఒకటుందంటే అది నేను పెట్టిన చుక్క" అన్నాడు.

"అయితే పాట పాడమ్మా" అన్నాడు మేజిస్ట్రేటు మామ్మతో. మామ్మ పాడనంది. "ఇక్కడ పెళ్లి నేదు, పంక్తి నేదు, మగపెళ్లోరు నేరు. ఎవుల్ని పట్టుకుని పాడనూ? పాట కావాలంటే పెళ్లికి రండి. మాటలైతే సెప్తాను" అంది. చెప్పింది. చదివినట్టు, ఏ రాగమూ లేకుండా, నిదానంగా చెప్పింది.

పెద్దరికం సూపకోయి పెళ్లికొడకా
అమ్మ రొమ్ము తాగిన నాడు లాగు ఏదిరా నీకు
మీసాలు దువ్వకోయి వియ్యంకుడా
మీ యావిడ కాలి మచ్చ నీ ముడ్డి మీద సూడు
మంచమేటి కిర్రంది వియ్యపురాలా
మావయ్య ఊర్లో నేడు, మరెవులే పక్కన

చెప్పేసి, "ఇంతే కదా. ఈటిలో ముడ్డి, కిర్రు, పక్క, ఈ మూడు మాటలకి నా కొడుక్కి సిగ్గేసింది, ప్లీడరు కదా, పోన్లే. రొమ్ము అన్న మాట కూడా ఎందుకు తీసీసినార్రా? ఇక్కడున్నోళ్లలో తాగనోడు ఎవుడు? నువ్వు తాగలేదా బాబూ?" అని అవతలి ప్లీడరుని అడిగింది. ఆయన నోట్లో ఆకు గొంతుకి అడ్డంపడింది. అంతటితో ఊరుకోలేదు. వెనక బల్ల వైపు చెయ్యి చాపి, "ఆ మాష్టారు బాబు పెద్దకొడుకు పెళ్లికి ఇదే పాట పాడినాను. కళ్లంట నీళ్లు కారేలాగ నవ్వినాడు. నోటి సీర పెట్టినాడు. ఇదిగో, ఇదే సీర" అంది. కట్టుకున్న పసుపు పట్టుచీర కొంగు పట్టి చూపించింది. ఈసారి నవ్వు మా వాళ్లది. హెడ్మాష్టారు పైకండువా సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. నాలుగో మాట గురించి మామ్మ అడిగిన ప్రశ్న నాకే తగిలింది.

ఇక్కడే అసలు అన్యాయం జరిగింది, ఆ రోజున ఎవరికీ పట్టలేదు. గుమాస్తా కలం పట్టుకుని, "రాయమంటారా హుజూర్?" అని మేజిస్ట్రేటుని మెల్లగా అడిగాడు. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలి, "ఆ మాటలు వద్దు. సాక్షి ఖాళీలు పూరించి చెప్పింది అని రాయి, చాలు" అన్నాడు. బల్ల చివర ఉన్న నాకు వినబడింది, ఆ నవ్వుల్లో మామ్మకి వినబడలేదు. అంతే. అరవై ఏళ్లు దాటిన మనిషి ప్రమాణం చేసి, నిండు కోర్టులో, కొడుకు తల దించుకునేలా నిజం చెబితే, ఆ నిజాన్ని రాయలేదు. ఆ కాగితం కిందే మామ్మ చేత వేలిముద్ర వేయించారు. ఏం రాశారో ఆవిడకి తెలియదు. అన్నీ రాసుకున్నారనే అనుకుంది.

కేసు గెలిచాం. గెలిచామనే అన్నారు అందరూ. జగ్గారావుని వదిలేశారు. తీర్పులో మేజిస్ట్రేటు, ఇది ఊళ్లో ఉన్న ఆచారమే, సినిమా కొత్తగా చెడగొట్టిందేమీ లేదు అని రాస్తూనే, చదువులేని స్త్రీలలో మిగిలిన ఇలాంటి మోటు అలవాట్లు విద్య పెరిగేకొద్దీ పోతాయని ఆశిద్దాం అని ఒక వాక్యం తగిలించాడు. నాన్న ఆ వాక్యం ఇంట్లో చదవకుండా దాటేశాడు. కానీ మేజిస్ట్రేటు ఆశ నిజమైంది. ఆ మాఘంలో మామ్మకి పెళ్లి పిలుపులు రాలేదు. పైఏడూ రాలేదు. కోర్టుకెక్కిన పాట మనకెందుకు, పేపర్లో పడింది, ఆఫీసర్ల ఇంటినుంచి సంబంధం, వాళ్లేమనుకుంటారో అన్నారు. మా వీధివాళ్లే అన్నారు, కోర్టుకి మా వెనకాల నడిచి వచ్చినవాళ్లే. రీలు డబ్బాలు తిరిగి ఇచ్చారు గానీ రెండు వానాకాలాలు పోలీస్ స్టేషన్ గదిలో నానిన రీలు తెరిస్తే పొరలు పొరలుగా ఊడొచ్చింది. జగ్గారావు మరి కెమెరా ముట్టలేదు, అస్కా వెళ్లి చెరుకు బళ్లు తూచే దగ్గర గుమాస్తాగా కుదిరాడు. మామ్మ ఇంకో ఆరేళ్లు బతికింది. చుట్ట నోట్లోంచి తీయడం మానేసింది. రాట్నం తిరిగేది, పాట వచ్చేది కాదు. ఒక్క చీరయినా పెట్టకుండా మా మామ్మ నోరు మూయించేశారు. ఎవరి మీద కేసు వెయ్యను నేను?

కోర్టునుంచి వచ్చిన సాయంత్రం నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. తంతాడనుకున్నాను. "నాలుగోది నువ్వే కదా?" అన్నాడు. తలూపాను. ఏడుపు వచ్చేస్తోంది. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి, "నేర్పింది నేనేలే అమ్మా" అన్నాడు. ఇంక ఆ సంగతి ఆయన పోయేదాకా మా మధ్య రాలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు పెళ్లిళ్లు ఎలా ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. మా వీధిలోంచే ఊరేగింపు వెళ్తుంది, లారీ నిండా స్పీకర్లు, కిటికీ అద్దాలు దడదడలాడతాయి. ఆ పాటల్లో ఆడదాన్ని సరుకులా తూచి, కోసి, వడ్డిస్తారు. ఎల్‌కేజీ పిల్ల నడుం తిప్పుతూ దానికి డాన్సు చేస్తే తల్లీ తండ్రీ చప్పట్లు కొట్టి ఫోన్లో తీసుకుంటారు. లిపి మీద కేసు పెట్టిన పెద్దమనిషి కొడుకు పెళ్లికి నేనూ వెళ్లాను. ఆ లారీ ముందు ఆయనా చిందులేశాడు. అందులో ఎవరికీ అశ్లీలం కనబడలేదు. ఒక ముసలమ్మ తన ఊళ్లో, తన భాషలో, పెద్దరికం వెలగబెట్టే మగాణ్ణి నువ్వూ పాలు తాగిన పిల్లాడివే కదరా అని అంటే మాత్రం సమాజం కూలిపోతోందట. మోటు మాట కాదు వీళ్లకి నొప్పి. ఆ మాట అన్నది ఎవరు, ఎవర్ని చూసి అన్నారు, అదీ నొప్పి.

ఇదంతా ఆ మంగళవారం అపర్ణకి చెప్పాను. రెండోసారి కాఫీ కూడా చల్లారిపోయింది. "ఎదుటి లాయరు దీన్నే పట్టుకుంటాడు మేడమ్, ఆ మాటలు మీ నోటితో వస్తే" అందా అమ్మాయి. "పట్టుకోనీ. నువ్వు నన్ను ఒక్కటే అడుగు, ఈ పుస్తకంలో చుక్కలెందుకున్నాయి అని అడుగు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. లిపి జైలుకి వెళ్తే నాకు మాత్రం ఇష్టమా? కానీ చుక్కలతో ఆ పిల్లని విడిపిస్తే, ఆ సినిమా తప్పేనని మేమే ఒప్పుకున్నట్టు. ఆ పని ఒకసారి చేసి చూశాం.

సాక్ష్యం రోజున లిపి అమ్మానాన్నలు వరండాలో నిలబడి ఉన్నారు. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని, ఒరియాలో పిన్నిని పిలిచినట్టు "మాఉసీ" అని పిలిచి, "జాగ్రత్తగా చెప్పండి" అంది తెలుగులో. లోపల హాలు మారిపోయింది, ఫ్యాన్లు కొత్తవి, గుమాస్తా కలం చోట కంప్యూటరు. దాని ముందు ఒక అమ్మాయి, లిపి ఈడుదే. జడ్జి గారు కూడా చిన్నవారే. అపర్ణ అడిగింది. నేను చెప్పాను. మూడు చోట్ల మా నాన్న పెట్టమంటే పెట్టాననీ, నాలుగో చోట నా అంతట నేనే పెట్టాననీ, ఆ నాలుగూ ఏ మాటలో చెబుతాననీ అన్నాను. మొదటి మాట అనగానే కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి జడ్జి గారి వైపు చూసి, "రాయాలా సార్?" అంది.

నాకు చెవుల్లో ఆనాటి గుమాస్తా గొంతే వినబడింది. జడ్జి గారు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "బాబూ, ఇదే కోర్టులో మా మామ్మ ఈ మాటలు ప్రమాణం చేసి చెప్పింది. రాయలేదు. రాయకుండా వేలిముద్ర వేయించుకున్నారు. ఆవిడకి చదువు రాదు, తెలియలేదు. నాకు చదువు వచ్చు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే సంతకం పెడతాను, లేకపోతే పెట్టను" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. అవతలి లాయరు ఏదో అనబోయాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపి, నన్ను చూసి, పాత నోటుబుక్కు చూసి, "రాయండి" అన్నారు. మాటలు నాలుగూ వాటి వాటి చోట పెట్టి పాట ఆరు వరసలూ చెప్పాను.

తీర్పు ఇంకా రాలేదు. ఇప్పటికి రెండు వాయిదాలు పడ్డాయి. లిపి డిస్కులు ఇంకా పోలీసుల దగ్గరే ఉన్నాయి, వాటి మీద వాన పడకుండా చూడమని అపర్ణ చేత అర్జీ పెట్టించాను. ఆ రోజున మాత్రం సాక్ష్యం అయ్యాక, రూలు ప్రకారం, రాసింది నాకు చదివి వినిపించారు. టైపు చేసిన అమ్మాయే లేచి నిలబడి చదివింది. ఒరియా పిల్ల కదా, తెలుగు మాటలు తడుముకుంటూ, ఒక్కొక్కటే పైకి చదివింది. పెళ్లికొడుకు వచ్చాడు, రొమ్ము వచ్చింది, లాగు వచ్చింది, వియ్యంకుడు వచ్చాడు, మంచం వచ్చింది. వెనక ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది, లిపి వాళ్లమ్మేమో. చదవడం అయ్యాక, "అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అని అడిగారు. నాలుగూ ఉన్నాయన్నాను. అప్పుడు సంతకం పెట్టాను.